ఆగకుండా తిరిగే తెర: ఆఫీసు టీవీలో కదిలే బొమ్మల వరుస పెట్టేవాళ్లకు

"ఈ జిఫ్ బొమ్మలన్నీ టీవీలో ఒకదాని తర్వాత ఒకటి వాటంతట అవే తిరిగేలా పెట్టు." కలెక్టరేట్ సెక్షన్‌లోనో, ఆస్పత్రి రికార్డు రూంలోనో, బట్టల షాపులోనో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు ఈ మాట కొత్తది కాదు. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. జనం వచ్చి ఎదురుచూసే హాళ్లు ఈ మూడు ఊళ్లలోనూ పెరిగాయి. హాల్లో టీవీ ఉందంటే, దాన్ని నడిపే పని చివరికి ఆపరేటర్ మీదికే వస్తుంది.

ఆ పని మొదలుపెట్టగానే చిక్కు ఎదురవుతుంది. ఫోల్డర్‌లోని బొమ్మల్ని మామూలు ఫొటో స్లైడ్ షోలో పెడితే కదలాల్సినవి శిలల్లా నిలబడతాయి. లేదంటే ఒక బొమ్మ సగంలో ఉండగానే తెర మారిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే చాలా టీవీలు జిఫ్‌ను చూపించవు, చూపించినా కదిలించవు. మెషిన్ పాతదని, టీవీ మంచిది కాదని అనుకుంటాం. అసలు సంగతి జిఫ్ ఫైలు లోపల ఉంది.

బొమ్మకు ముగింపు లేదు

జిఫ్‌ను 1987లో కంప్యూసర్వ్ అనే అమెరికన్ కంపెనీ తెచ్చింది. ఒకే ఫైల్లో వరుసగా అనేక బొమ్మలు, ఒక్కో బొమ్మ ఎంతసేపు నిలవాలో సెకనులో నూరో వంతు కొలతతో రాసి ఉంటాయి. మొత్తం ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె కూడా ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే ఎప్పటికీ ఆగకూడదని అర్థం. మనకు దొరికే జిఫ్‌లలో ఎక్కువ ఇలాంటివే. బొమ్మకు ముగింపే లేనప్పుడు, అది అయిపోయాక తర్వాతి దానికి వెళ్లడం ఏ ప్రోగ్రాంకూ సాధ్యం కాదు. అందుకే కొన్ని ప్రోగ్రాంలు మొదటి బొమ్మ మాత్రమే చూపిస్తాయి, కొన్ని తమకు తోచిన సెకన్లకు తెర మార్చేస్తాయి. ఎప్పుడు మారాలన్నది మనమే నిర్ణయించి చెప్పాలి.

జనగామ నియోజకవర్గంలోని చేర్యాల నకాషీ పటాలను గుర్తు తెచ్చుకుంటే ఈ పని స్వభావం తెలుస్తుంది. కథ చెప్పే మనిషి పటం కొంత విప్పి, ఒక్కో బొమ్మనూ చూపిస్తూ కథ నడిపిస్తాడు. విన్నవాళ్లకు అర్థమయ్యాకే తర్వాతి బొమ్మ విప్పుతాడు. టీవీ పక్కన అలా చూసి ఆగే మనిషి ఉండడు. అతను చేసే పని మనం ముందుగా పెట్టే సెకన్లు చేయాలి. కాబట్టి సాఫ్ట్‌వేర్ కంటే ముందు లెక్క చూసుకోవాలి.

ముందు సెకన్ల లెక్క

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. జిఫ్ పదిసార్లు తిరగడానికి ఎంత పట్టిందో చూసి పదితో భాగించండి. పది చుట్లకు 40 సెకన్లు పడితే ఒక చుట్టు 4 సెకన్లు. ఆ స్లైడ్‌కు 8 లేదా 12 సెకన్లు ఇవ్వండి. 10 ఇస్తే మూడో చుట్టు సగంలో తెగుతుంది. చేతులు కడుక్కునే బొమ్మలో సబ్బు రాసుకున్న చేయి కుళాయి కిందికి పోకముందే మాయమవుతుంది.

పక్కన రాత ఉంటే దాన్ని పెద్దగా, నింపాదిగా రెండుసార్లు చదివి చూడండి. 9 సెకన్లు పట్టిందనుకుంటే, 4 సెకన్ల బొమ్మకు 12 సెకన్లు పెట్టాలి. చదవడానికి పట్టే సమయాన్ని దాటి, బొమ్మ చుట్లు తెగకుండా పూర్తయ్యే అంకె కావాలి.

తర్వాత మొత్తం వరుస లెక్క. మనిషి తెర ముందు ఉండే సమయం కంటే ఒక పూర్తి చుట్టు చిన్నదిగా ఉండాలి. ఓపీ హాల్లో జనం చాలాసేపు కూర్చుంటారు కాబట్టి 12 సెకన్ల చొప్పున 10 స్లైడ్లు, అంటే 2 నిమిషాల చుట్టు నడుస్తుంది. మీసేవ కౌంటర్ దగ్గరైతే 5 స్లైడ్లు, 1 నిమిషం చాలు. భూపాలపల్లిలో బొగ్గుబాయి గేటు దగ్గర డ్యూటీకి నడిచిపోయే కార్మికుల కోసమైతే మూడు స్లైడ్లు దాటొద్దు. పాతిక బొమ్మలు చేతిలో ఉన్నాయని పాతికా పెట్టేస్తే, ఎవరూ అవసరమైన దాన్ని చూడలేరు.

పవర్‌పాయింట్ ఉంటే

ఒక్కో స్లైడ్‌లో ఒక్క జిఫ్ మాత్రమే పెట్టండి. 'ట్రాన్సిషన్స్' ట్యాబ్‌లో కుడి చివర 'ఆన్ మౌస్ క్లిక్' దగ్గర టిక్ తీసేసి, 'ఆఫ్టర్' దగ్గర టిక్ పెట్టి, లెక్కగట్టిన సెకన్లు వేయండి. ఇది స్లైడ్ స్లైడ్‌కూ విడిగా చేయాలి, ఎందుకంటే బొమ్మల నిడివి ఒకటి కాదు. తెర మారేటప్పుడు వచ్చే హంగులన్నీ తీసేయండి. అవి సెకన్లను తింటాయి, కదిలే బొమ్మ పక్కన ఇంకో కదలిక కంటికి భారం.

తర్వాత 'స్లైడ్ షో' ట్యాబ్‌లో 'సెటప్ స్లైడ్ షో' తెరిచి 'బ్రౌజ్డ్ ఎట్ ఎ కియోస్క్' ఎంచుకోండి. చివరి స్లైడ్ అయ్యాక మళ్లీ మొదటిది దానంతట అదే వస్తుంది. ఎవరైనా మౌస్ నొక్కినా తెర మారదు. ఆపాలంటే ఎస్కేప్ నొక్కాలి. అదే 'స్లైడ్ షో' ట్యాబ్‌లో 'యూజ్ టైమింగ్స్' దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే మొదటి స్లైడ్ దగ్గరే ఆగిపోతుంది. చివరగా ఫైల్‌ను 'పవర్‌పాయింట్ షో'గా సేవ్ చేస్తే, రెండుసార్లు క్లిక్ చేయగానే నేరుగా తెర నిండా మొదలవుతుంది. మార్పులు చేసుకోవడానికి మామూలు ఫైల్‌ను విడిగా దాచుకోండి.

పవర్‌పాయింట్ లైసెన్స్ లేని చోట లిబ్రాఫీస్ ఇంప్రెస్ ఉచితం. అందులో 'స్లైడ్ ట్రాన్సిషన్' పలకలో స్లైడ్ మారే సెకన్లు పెట్టి, 'స్లైడ్ షో సెట్టింగ్స్'లో 'లూప్ అండ్ రిపీట్ ఆఫ్టర్' ఎంచుకుని విరామం సున్నా పెడితే అదే పని అవుతుంది.

కంప్యూటర్ లేదు, టీవీ మాత్రమే ఉంది

చిన్న షాపుల్లో, పీహెచ్‌సీల్లో ఎక్కువగా ఇదే పరిస్థితి. ఇక్కడ జిఫ్‌ల మీద ఆశ వదులుకుని, మొత్తం వరుసను ఒకే వీడియోగా మార్చడం మేలు. పవర్‌పాయింట్‌లో 'ఎక్స్‌పోర్ట్', 'క్రియేట్ ఎ వీడియో' నొక్కి ఫుల్ హెచ్‌డీ ఎంచుకుంటే మీరు పెట్టిన సెకన్లతోనే ఎంపీ4 వీడియో తయారవుతుంది. అన్ని బొమ్మలూ కదులుతున్నాయో లేదో ఒకసారి ఆసాంతం చూసుకోండి. ఫోన్ మీద పనిచేసేవాళ్లు కాన్వాలో ఒక్కో పేజీకి నిడివి పెట్టి ఎంపీ4గా దించుకోవచ్చు. ఆ ఒక్క ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, టీవీలో రిపీట్ నొక్కితే సరి. పెన్‌డ్రైవ్‌లో వేరే పాటలు, పెళ్లి వీడియోలు ఉంచకండి. ఆ ఫైల్ తర్వాత అవి వచ్చే ప్రమాదం ఉంది.

తెలుగు అక్షరం చెదరకుండా

జిఫ్‌లో ఒక బొమ్మకు 256 రంగులకు మించి ఉండవు. బొమ్మలోనే తెలుగు రాసేస్తే వత్తులు, గుడులు మసకబారతాయి. దూరం నుంచి చదివేవాళ్లకు 'క్ష' ఏదో, 'క్ర' ఏదో తెలియదు. కాబట్టి బొమ్మను ఎడమ సగంలో ఉంచి, కుడి సగంలో రాతను విడిగా టైపు చేయండి. చిన్న జిఫ్‌ను తెర నిండా సాగదీస్తే అలుక్కుపోతుంది. సగం తెరలో ఉంచితే ఆ ఇబ్బందీ తగ్గుతుంది.

మన డీటీపీ సెంటర్లలో, ఫ్లెక్స్ షాపుల్లో అను ఫాంట్లతో టైపు చేసే అలవాటు ఎక్కువ. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే తెలుగు పోయి అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో టైపు చేయండి. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. వేరే మెషిన్‌లో నడపాలంటే సేవ్ ఆప్షన్లలో 'ఎంబెడ్ ఫాంట్స్' టిక్ పెట్టండి. వీడియోగా మార్చేస్తే ఈ బెంగే ఉండదు.

కరెంటు పోయి వచ్చినా

తెర తనంతట తాను నడవాలంటే కంప్యూటర్ కూడా తనంతట తాను లేవాలి. పవర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ ఆగిపోవడం, స్లీప్ రెండింటినీ 'నెవర్' చేయండి. నోటిఫికేషన్లు ఆపేయండి. ఓపీ హాల్ తెర మీద ఎవరి వాట్సాప్ సందేశమో కనబడటం తప్పు మాత్రమే కాదు, ఒకరి ఉద్యోగానికే ముప్పు. విండోస్, ఆర్ బటన్లు కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో shell:startup అని టైపు చేసి స్టార్టప్ ఫోల్డర్ తెరిచి, అందులో షో ఫైల్ షార్ట్‌కట్ పెడితే లాగిన్ కాగానే షో మొదలవుతుంది. చాలా కంప్యూటర్ల బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. దాన్ని పెట్టించుకోండి.

టీవీ వెనకాల ఒక కాగితం అంటించండి: ఫైల్ పేరు, ఏ ఫోల్డర్, ఏ హెచ్‌డీఎంఐ, ఎలా మొదలుపెట్టాలి, ఎలా ఆపాలి. మీరు సెలవులో ఉన్న రోజు అటెండర్ కూడా నడపగలగాలి.

ఎవరు చూస్తారో వాళ్ల కోసం

మహబూబాబాద్ జిల్లాలో లంబాడా తండాలు ఎక్కువ. ఇంట్లో గోర్ బోలి మాట్లాడుతూ, తెలుగు చదవడం రాని పెద్దవాళ్లు ఆస్పత్రికి వస్తారు. కదిలే బొమ్మ విలువ అక్కడ తెలుస్తుంది. ఓఆర్ఎస్ పొడి ఎన్ని నీళ్లలో కలపాలి, చీటీ ఎక్కడ తీసుకోవాలి, రక్తపరీక్షకు ఎటు పోవాలి అన్నవి ఒక్క అక్షరం లేకుండా చూపించవచ్చు. అలంకారానికి పెట్టే పూలు, దీపాల జిఫ్‌లను తీసేసి ఆ చోటును వీటికి ఇవ్వండి.

కేసముద్రం మార్కెట్‌కు సరుకు తెచ్చిన రైతుకు తేమ ఎలా తగ్గించుకోవాలో చూపే బొమ్మ పనికొస్తుంది. ధరలు పెడితే తేదీ తప్పనిసరిగా వేసి, రోజూ మార్చండి. మార్చే మనిషి లేకపోతే ధరలు పెట్టనే వద్దు. నిన్నటి ధర నమ్మి రైతు నిర్ణయం తీసుకుంటే ఆ నష్టం మన తెర తెచ్చినదే. పెంబర్తి ఇత్తడి కళాకృతులు అమ్మే షాపుకైతే, రేకు మీద డిజైన్ లేచే దశలు నాలుగు చిన్న బొమ్మల్లో చూపితే కొనేవాళ్లకు ఆ ధర వెనకున్న చెమట తెలుస్తుంది.

సింగరేణి భూపాలపల్లి ఏరియా గనుల్లోనో, చెల్పూరు కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీపీ)లోనో రక్షణ బొమ్మలు పెట్టేవాళ్లు వాటిని తప్పనిసరిగా సేఫ్టీ అధికారికి చూపించి ఆమోదం తీసుకోవాలి. నెట్‌లో దొరికిన బొమ్మలో హెల్మెట్ పట్టీ తప్పుగా కట్టి ఉంటే, ఆ తప్పునే రోజుకు వందలసార్లు నేర్పినట్టవుతుంది.

కొన్ని హద్దులు ఎక్కడైనా ఒకటే. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసే బొమ్మలు వద్దు. మూర్ఛ ఉన్న కొందరికి అవి ప్రమాదం. రోగుల, పిల్లల ఫొటోలు అనుమతి లేకుండా పెట్టొద్దు. నెట్‌లో కనబడిన ప్రతి జిఫ్ ఉచితం కాదు, వాడుకోవడానికి అనుమతి ఉన్నవే తీసుకోండి. ప్రభుత్వ ఆఫీసుల్లో నాయకుల ఫొటోలున్న స్లైడ్లు విడిగా ఉంచండి. ఎన్నికల నియమావళి రాగానే 'హైడ్ స్లైడ్' చేసి, మళ్లీ ఒకసారి మొత్తం నడిపి చూసుకోవచ్చు.

దీన్ని పనిగా తీసుకునేవాళ్లకు

ఫొటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు నడిపే యువకులకు ఇది మంచి అదనపు పని. ఫ్లెక్స్ ఒకసారి వేస్తే అయిపోతుంది, తెరకు మాత్రం ప్రతి నెలా మార్పులు కావాలి. కాబట్టి తయారీకి ఒక ధర, నెలవారీ మార్పులకు ఇంకో ధర విడిగా మాట్లాడుకోండి. నెలకు ఎన్ని మార్పులు, సమాచారం ఎవరు ఇస్తారు, తప్పు దొర్లితే ఎవరు సరిచేస్తారు అన్నవి కాగితం మీద రాసుకోండి. అసలు ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయో కూడా ముందే తేల్చుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ఆఫీసులో ఉద్యోగం చేసేవాళ్లు దీన్ని పైఅధికారి చెప్పిన చిల్లర పనిగా చూడొద్దు. హాల్లో కూర్చున్న మనిషి కూలి పోగొట్టుకునో, జ్వరంతోనో వచ్చి ఉంటాడు. అతనికి ఏ కిటికీ దగ్గరికి పోవాలో తెర చెబితే, అతని పూట మిగులుతుంది, మీ కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నలూ తగ్గుతాయి.

షో పెట్టిన మొదటి రోజు కంప్యూటర్ దగ్గర కాదు, జనం కూర్చునే చివరి బెంచీ మీద కూర్చుని రెండు చుట్లు పూర్తిగా చూడండి. పక్కనున్న పెద్దమనిషినో, అవ్వనో "ఏం అర్థమైంది?" అని అడగండి. వాళ్లు చెప్పలేకపోయిన స్లైడ్‌కు సెకన్లు పెంచండి. అప్పటికీ అర్థం కాకపోతే ఆ బొమ్మనే మార్చండి.