పరభయమునకు ప్రేమయే మందు

పామును జూచి తొలగుట, వరదను జూచి వెనుదీయుట పరమేశ్వరుడు ప్రాణరక్షణకై మనకిచ్చిన బుద్ధి. మనుష్యుడు సాటి మనుష్యుని జూచి జడియుట మాత్రము వ్యాధి. ఈ వ్యాధి కర్నూలు, కడప మండలములలో ముఠాకక్షల రూపమున 20వ శతాబ్దమున ఎన్నో గ్రామములను పాడుచేసినది. ఊరు రెండు పక్షములుగా చీలును. అవతలివాడు చంపునేమోయని వీడు నాటుబాంబు దాచును. ఆ మాట విని వాడు వేటకొడవలి నూరును. ఇరువురును తమ్ము ధైర్యవంతులనియే తలతురు. విచారించిచూడగా ఆ ధైర్యమునకు తల్లి భయమే.

దీనికి యేసుక్రీస్తు చెప్పిన చికిత్స ప్రేమ. మేము క్రీస్తును అవతారముగా గొలువము. ఆయన బోధను శిరసావహింతుము. రాజా రామమోహనరాయలు 1820లో ఆయన నీతిబోధలను ఏర్చి కూర్చి గ్రంథముగా ప్రకటించినారు. సత్యము ఎవరి నోట వెలువడినను సర్వజనులకును చెందినదే.

ఆయన చెప్పిన కథయొకటి విచారింతము. యెరూషలేమునుండి యెరికోకు దిగు త్రోవలో ఒక బాటసారిని దొంగలు కొట్టి, కొనయూపిరితో విడిచిపోయిరి. యాజకుడొకడు, లేవీయుడొకడు చూచి ప్రక్కగా పోయిరి. యూదులకు గిట్టని సమరయజాతివాడొకడు మాత్రము దగ్గరకు వచ్చి, గాయములు కట్టి, తన వాహనముపై సత్రమునకు జేర్చి, ఖర్చులకు రెండు దేనారములిచ్చెను. దొంగలు ఇంకను పొంచియుందురను భయము అతనికిని కలిగియుండవచ్చును. త్రోవ అదియే గదా! భయము తీరినపిమ్మట అతడు దయ చూపలేదు. దయతో ముందడుగు వేయగా భయమే వెనుకబడినది. ఈ క్రమమును మనము గుర్తింపవలెను.

ఇది దూరదేశపు మాటయని త్రోసివేయరాదు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మముగారు దూదేకుల సిద్ధయ్యను శిష్యునిగా చేరదీసిరి. జమ్మలమడుగున లండను మిషనువారు ఆసుపత్రి నెలకొల్పి రోగులకు సేవచేసిరి. ఉగాదినాడు దేవుని కడప గుడికి మహమ్మదీయులు వత్తురు. కడప అమీన్‌పీరు దర్గాకు హిందువులు పోవుదురు. విగ్రహములు, సమాధుల విషయమున మా మతము వేరు. అయినను పరుని గడప త్రొక్కి, ఆదరము పొందివచ్చినవానికి ఆ యింటివారు భూతములుగా కనబడరు.

“ప్రేమించినచో శత్రువు మమ్ము అలుసుగా గొనడా?” యని కొందరడుగుదురు. ప్రేమయనగా అన్యాయమునకు తలవంచుట కాదు. కొట్టినవానిని న్యాయస్థానమున నిలుపవచ్చును. వాని బిడ్డ జ్వరమున పడియున్నప్పుడు వైద్యునికొరకు బండి కట్టనని మొగము త్రిప్పుకొనుట మాత్రము ప్రేమకు ద్రోహము. తండ్రిపై కేసు నడుపుచునే బిడ్డను బ్రదికింపవచ్చును. ఈ రెండును కలిసియుండగలవని ఎరిగిన గ్రామమున కక్ష తరతరములు నిలువదు.

సోదరులారా! మీకు మిక్కిలి భయము గొలుపు ఇల్లు మీ ఊరిలో ఏదియో మీకే తెలియును. ఆ యింట చావు గాని, జబ్బు గాని, ఎండకారున నీటి కరవు గాని కలిగినప్పుడు పిలుపునకై కాచుకొనక, ఒక బిందె నీటితో వెళ్లుడు. మొదటిసారి కాళ్లు వణకవచ్చును; వణకుచునే నడువుడు. సర్వజనులకు తండ్రియగు పరమేశ్వరుడు ఆ ఇంటిలోను, మీ ఇంటిలోను ఒక్కడే యని నమ్మువారికి ఇంతకు మించిన ప్రార్థన లేదు.