మెరక పోయించే ముందు

కలిదిండి

చిరంజీవి కిశోర్‌కి,

చెరువు పక్కన కట్టే మేత గోడౌన్‌కి ఇసుకలో సిమెంటు కలిపి మెరక పోయిద్దామా అని అడిగావు. ఆలోచన మంచిదే. హ్యూస్టన్‌లో పైపులు వేసిన కందకాలు దానితో పూడుస్తారని నీ స్నేహితుడు చెప్పిందీ నిజమే. అక్కడా మనలాగే ఉబ్బే బంకమట్టి. కాకపోతే వాళ్లకి మిక్సింగ్ ప్లాంటు నుంచి కలిపిన సరుకు లారీలో వస్తుంది, మనకి పారతో కలపాలి.

మన నేల నల్లరేగడి. దాని మీద ఉత్తి ఇసుక పోస్తే దిగిన వాన నీటికి పోయే దారుండదు. కిందే నిలిచి రేగడిని నానబెడుతూ ఉంటుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు పట్టుబడి రోజుల్లో వస్తుంది. చెరువు తోడేస్తారు, గట్టులో నీరు మాత్రం అంత తొందరగా దిగదు. చెరువు వైపు ఆపే నీళ్లు లేక, తడి బరువుతో గట్టు జారుతుంది. దాని వెంట మెరక ఇసుకా సన్నగా కారిపోతుంది. పైకి గచ్చు నున్నగానే ఉంటుంది, కర్రతో కొడితే బోలు శబ్దం వస్తుంది. మన చుట్టుపక్కల అలాంటి గచ్చులు బోలెడు. సిమెంటు కలిపిన ఇసుక అలా కారదు. నీకు దానితో ఉన్న లాభం అదొక్కటే అనుకో.

అది పునాది మాత్రం కాదురా. కింద రేగడి ఉబ్బితే అదీ పగులుతుంది. స్తంభాల బరువు అండర్ రీమ్డ్ పైల్స్ మీదికి పోవాల్సిందే. మెరకంతా దీనితో పోయించడం దండగ కూడా. అడుగున గ్రావెల్ పోయించు. గచ్చు కింద పై అడుగు, చెరువు వైపు గోడ వెనక భాగం, ఈ రెండు చోట్లే ఇది చాలు. గోడకి నీరు కారే బొక్కలు వదిలించి, గోడకీ దీనికీ మధ్య కంకర పొర పెట్టించు. సిమెంటు కలిపిన ఇసుక ఉత్తి ఇసుకలా నీటిని వదలదు.

బరువులో నూటికి 5 వంతుల సిమెంటు వేసుకో. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, పొడి ఇసుకైతే సుమారు నాలుగున్నర టన్నులు, అంటే దానికి సిమెంటు నాలుగున్నర బస్తాలు. తడి ఇసుక కొలతలో పొంగుతుంది కాబట్టి లారీ కొలత నమ్మకు. నీళ్లు ఎంత అంటే, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లో నీరు కారకూడదు. ఇందులో ఇనుము లేదు కదా అని మేస్త్రి ఉప్పు బోరు నీళ్లు పోస్తానంటాడు. ఐఎస్ 456 ప్రకారం ఇనుము లేని కాంక్రీటుకి లీటరు నీళ్లలో క్లోరైడు 2000 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, ఇనుముంటే 500 దాటకూడదు. ఇనుమున్న ప్లింత్ బీమ్ దీన్ని ఆనుకునే ఉంటుంది కాబట్టి నువ్వు 500 లెక్కే చూసుకో, కాలవ నీళ్లే తెప్పించు.

నీళ్లు కలిపిన రెండు గంటల్లో పరిచి అణచడం అయిపోవాలి. మనవాళ్లు పొద్దున్నే పెద్ద కుప్ప కలిపి టిఫిన్‌కి పోతారు. వచ్చి బిగుసుకున్న కుప్ప మీద మళ్లీ నీళ్లు చల్లి తిరగేస్తారు. అలాంటి కుప్ప కనిపిస్తే అవతల పారబోయించు, మొహమాటపడకు. ఆరంగుళాలకొక పొర, నడిమిన ప్లేట్ కాంపాక్టర్, గోడల వారన దిమ్మిస. ఇంకో బస్తా ఎక్కువ వేస్తాం, అణచడం అక్కర్లేదని కాంట్రాక్టరు అంటే ఒప్పుకోకు. బస్తాకి బిల్లు రాయొచ్చు, దిమ్మిస కొట్టడానికి మనుషుల్ని నిలబెట్టాలి. అతని బాధ అదీ. పై పొర అయ్యాక తడి గోనెలు వారం కప్పి ఉంచాలి.

చెరువు వైపు గోడ పట్టుబడి అయి చెరువు ఎండగట్టినప్పుడే లేవాలి, ఆ తేదీ మీ నాన్నని అడిగి రాయి. కాంపాక్టర్ అద్దె సంగతి కైకలూరులో నేను కనుక్కుంటాను. ఈలోపు మేస్త్రికి అడ్వాన్సు ఇవ్వకు.

మీ బాబాయి