ఉబ్బసం అదుపులోకి రానప్పుడు ఏం చేయాలి?

"డాక్టరమ్మగారూ, ఆ నీలం పంపు కొట్టుకుంటే అయిదు నిమిషాల్లో ఊపిరాడుతుంది. మీరిచ్చిన రెండోది ఎంత పీల్చినా ఏమీ తెలియడం లేదు. డబ్బు దండగని మానేశాను."

ఆయాసంతో మా ఆసుపత్రికి మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక పెద్దాయన చెప్పిన మాట ఇది. ఇదే మాటను చాలామంది నోట మేము వింటూ ఉంటాము. మందులు వాడుతున్నా ఉబ్బసం ఎందుకు లొంగడం లేదనే ప్రశ్నకు చాలామంది విషయంలో జవాబు ఇందులోనే ఉంది.

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాచి, కళ్ళె ఎక్కువగా ఊరుతుంది. నాళాల చుట్టూ ఉన్న కండరాలు కూడా బిగుసుకుంటాయి. నీలం ఇన్‌హేలర్‌లో ఉండే సాల్‌బుటమాల్ ఆ బిగువును కొన్ని గంటలపాటు సడలిస్తుంది, అంతే. వాపు జోలికి అది పోదు. వాపును తగ్గించేవి బుడెసొనైడ్, బెక్లోమెథాసోన్, ఫ్లూటికాసోన్ వంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు. ఇవి పనిచేయడానికి రోజులు, వారాలు పడుతుంది. పీల్చిన వెంటనే ఏమీ తెలియదు కనుకనే జనం వీటిని మానేస్తారు. పైకి హాయిగా ఉన్నా లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. ఏదో ఒక రాత్రి నీలం పంపు ఎన్నిసార్లు కొట్టినా ఊపిరి అందదు. అటువంటి రాత్రులు కొందరి ప్రాణాలనే తీసుకుపోయాయి. అందుచేతనే ఆస్తమా వైద్యానికి సూచనలిచ్చే 'గినా' అనే అంతర్జాతీయ సంస్థ 2019 నుండి, పెద్దలకు, 12 ఏళ్ళు దాటిన పిల్లలకు సాల్‌బుటమాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోరాదని చెబుతోంది. (ఇన్‌హేలర్ రంగులు కంపెనీని బట్టి మారతాయి. మందు పేరు చదివించుకోండి.)

మీ ఉబ్బసం అదుపులో ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. గడచిన 4 వారాలు గుర్తు తెచ్చుకోండి. పగలు ఆయాసం, పిల్లికూతలు వారానికి రెండుసార్లకు మించి వచ్చాయా? రాత్రి దగ్గుతో గాని ఆయాసంతో గాని మెలకువ వచ్చిందా? ఉపశమనం ఇచ్చే పంపు వారానికి రెండుసార్లకు మించి అవసరమయిందా? ఉబ్బసం వల్ల పనిపాటలు తగ్గించుకున్నారా? మూడింటికి గాని నాలుగింటికి గాని అవునంటే అదుపు తప్పినట్లే. ఒకటి రెండింటికి అవునన్నా డాక్టరుకు చెప్పాలి.

అదుపు తప్పిందనగానే పెద్ద మందు రాయమని అడుగుతారు. మేము మాత్రం ముందు పీల్చే పద్ధతి చూస్తాము. పొడి ఇన్‌హేలర్‌లో పెట్టి పీల్చవలసిన క్యాప్సూల్‌ను నీళ్ళతో మింగేవారు నేటికీ ఉన్నారు! పంపు అయితే బాగా కుదిపి, ఊపిరి వదిలి, నెమ్మదిగా లోపలికి పీలుస్తూ నొక్కి, 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. పొడి అయితే వేగంగా, గట్టిగా పీల్చాలి. పిల్లలకు, వృద్ధులకు పంపుతో పాటు స్పేసర్ అనే గొట్టం తప్పనిసరి అనే మా అభిప్రాయం. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి, లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది. ఇంట్లో కట్టెల పొయ్యి, దోమల చుట్ట, బీడీ పొగ, మిరప కళ్ళాల ఘాటు ఉంటే మందు సగమే పనిచేస్తుంది. బి.పి.కి, గుండెకు, నొప్పులకు వాడే కొన్ని మాత్రలు కూడా ఉబ్బసాన్ని రేపుతాయి. వాటినీ మాకు చూపించండి.

"స్టెరాయిడా? వద్దమ్మా" అని భయపడేవారికి ఒక లెక్క చెబుతాము. చాలామందికి రోజంతటికీ పీల్చే మందు 200 నుండి 400 మైక్రోగ్రాములు. ఆయాసం ముదిరినప్పుడు మింగే ప్రెడ్నిసోలోన్ ఒక్కరోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. తరచుగా అలా మింగితే షుగరు, కంటిలో శుక్లాలు, ఎముకల బలహీనత వస్తాయి. పీల్చేదానికి భయపడి మింగేదాని పాలబడటం మా కళ్ళముందే జరుగుతోంది. అయితే నెలల తరబడి మింగుతున్నవారు హఠాత్తుగా మానరాదు, అదీ ప్రమాదమే.

పద్ధతి సరిగా ఉండి, రోజూ వాడుతున్నా లొంగకపోతే అప్పుడు మందు పెంచుతాము. ఈనాడు ఎక్కువగా ఇచ్చేది బుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన ఇన్‌హేలర్. ఫార్మొటెరాల్ త్వరగా పనిచేస్తుంది కనుక, డాక్టరు చెప్పిన పరిమితిలో, రోజువారీ మందుగాను ఆయాసం వచ్చినప్పుడు మందుగాను ఇదొక్కటే వాడవచ్చు. పెద్దాయనకు మేము మార్చి ఇచ్చింది ఇదే. ఇది పీలిస్తే ఆయనకు తెలుస్తుంది! ఆ పైన టియోట్రోపియం, మాంటెలూకాస్ట్ చేర్చవచ్చు. మాంటెలూకాస్ట్‌తో నిద్రలో కలవరింతలు, దిగులు, కోపం కనిపిస్తే వెంటనే చెప్పండి. అప్పటికీ లొంగని కొద్దిమందికి 2003లో అమెరికాలో అనుమతి పొందిన ఒమలిజుమాబ్, 2015లో పొందిన మెపోలిజుమాబ్ వంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇవి రెండు నుండి నాలుగు వారాలకొకసారి వేయాలి, ఖర్చు చాలా ఎక్కువ. రక్తపరీక్షలు చూసి ఊపిరితిత్తుల నిపుణులే నిర్ణయించాలి.

మృగశిర కార్తెకు హైదరాబాదులో వేసే చేపమందు సంగతి ప్రతి జూన్‌లో మమ్మల్ని అడుగుతారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్ళినవారితో మేము తగవు పెట్టుకోము గాని, తిరిగి వచ్చి ఇన్‌హేలర్ పారవేసినవారిని చూసి బాధపడ్డాము.

మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, మగతగా ఉండటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోగా సాల్‌బుటమాల్ స్పేసర్‌తో 4 నుండి 10 సార్లు, ఒక్కొక్కసారి ఒక్కొక్క నొక్కు చొప్పున పీల్చండి. తగ్గకపోతే 20 నిమిషాలకు మళ్ళీ అలాగే చేయండి.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న ఇన్‌హేలర్లన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకొని రండి. మా సిస్టర్ల ముందు ఒకసారి పీల్చి చూపించండి.