మొదటి నర్సింగ్ ఉద్యోగం: ఎలా వెతకాలి, ఎలా ఎంచుకోవాలి?

బీఎస్సీ నర్సింగో జీఎన్‌ఎమ్మో పూర్తయింది. మెమోలు చేతికొచ్చాయి. ఇక్కడినుంచి కొందరు నెలకు వెయ్యి ఎక్కువిస్తామన్న చోట వెనకాముందూ చూడకుండా చేరిపోతారు. ఇంకొందరు ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఇంట్లోనే ఏళ్లు గడిపేస్తారు. రెండింటిలోనూ నష్టం ఉంది. చదువులో చూసినవన్నీ చేతికి అబ్బేది మొదటి ఉద్యోగంలోనే. అందుకే జీతంతో పాటు, అక్కడ పని నేర్పేవాళ్లున్నారా అన్నది కూడా చూసి ఎంచుకోండి. ఈ మెట్లు వరసగా ఎక్కితే దారి తేలికవుతుంది.

1. ముందు రిజిస్ట్రేషన్

స్టేట్ కౌన్సిల్‌లో పేరు నమోదు కానిదే మీరు చట్టప్రకారం నర్సు కారు. తెలంగాణలో చదివినవారు తెలంగాణ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో చదివినవారు ఆంధ్రప్రదేశ్ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలి. మన పిల్లలు చాలామంది బెంగళూరులో చదువుతున్నారు. వాళ్లు ముందు కర్ణాటక కౌన్సిల్‌లో నమోదై, తర్వాత ఇక్కడికి మార్పించుకోవాలి. దీనికి సమయం పడుతుంది కాబట్టి ఫలితాలు రాగానే దరఖాస్తు పెట్టేయండి.

2. ఫైలు సిద్ధం చేసుకోండి

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, నర్సింగ్ మెమోలన్నీ, ప్రొవిజనల్, స్టడీ, కుల ధ్రువీకరణ పత్రాలు, రిజిస్ట్రేషన్, ఆధార్: వీటన్నింటి జిరాక్సులు మూడు సెట్లు తీసి, ఫోన్‌లో స్కాన్ కాపీలు కూడా పెట్టుకోండి. బీఎల్ఎస్ శిక్షణ తీసుకుంటే ఆ సర్టిఫికెట్ ఐసీయూ, క్యాజువాలిటీ పోస్టులకు పనికొస్తుంది. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో చూసుకోండి. అది ముందు మీ రక్షణ కోసం.

బయోడేటా ఒక్క పేజీ చాలు. ‘కష్టపడి పనిచేస్తాను’ లాంటి మాటలు అందరూ రాస్తారు. మీరు ఇంటర్న్‌షిప్‌లో ఏ వార్డులో ఎన్ని వారాలు చేశారు, క్యాన్యులా, క్యాథెటర్, రైల్స్ ట్యూబ్ లాంటివి ఏవి స్వయంగా వేశారు, ఏవి పక్కన నిలబడి చూశారు, ఎన్ని కాన్పుల్లో సాయం చేశారు అన్నది విడివిడిగా రాయండి. నర్సింగ్ సూపరింటెండెంట్ కళ్లు ముందు ఆ వరుసల మీదే పడతాయి.

3. ఎక్కడ వెతకాలి?

అన్నింటికంటే నమ్మకమైన దారి మీ సీనియర్లు. ఫలానా ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఒక్కొక్కరికి ఎంతమంది పేషెంట్లు, జీతం ఏ తారీఖున పడుతుంది అన్నది వాళ్లే ఉన్నదున్నట్టు చెబుతారు. రెండో దారి, ఫైలు పట్టుకుని నేరుగా వెళ్లడం. ఉదయం రౌండ్స్ అయ్యాక నర్సింగ్ ఆఫీసులో సూపరింటెండెంట్‌ను కలిసి, ‘ఫ్రెషర్ని మేడమ్, ఏ వార్డు ఇచ్చినా నేర్చుకుంటాను’ అని చెప్పి బయోడేటా ఇచ్చి రండి.

మెడికల్ కాలేజీ ఆసుపత్రులు, ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రులు ఫ్రెషర్లకు మంచివి. అక్కడ రాతకోతలు పద్ధతిగా ఉంటాయి, కొత్తవారికి శిక్షణ ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖలతోనే ఆగకండి. నెల్లూరు, గుంటూరు, తిరుపతి, వరంగల్, కరీంనగర్‌లలోనూ పెద్ద ఆసుపత్రులున్నాయి.

జీఎన్‌ఎమ్ చదివినవారు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు రాసే నార్‌సెట్‌కు మీకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఇంటి పక్కనున్న ఇరవై పడకల నర్సింగ్‌హోమ్‌లో ఎన్నేళ్లు చేసినా ఆ లెక్కలోకి రాదు.

4. ఇంటర్వ్యూకు ఏం చదవాలి?

అడిగేవి రోజూ వార్డులో కావలసినవే: నార్మల్ విలువలు, ఎమర్జెన్సీ మందులు, గ్లాస్గో కోమా స్కేల్, ఏ వ్యర్థం ఏ రంగు బ్యాగులో వేయాలి. డ్రాప్స్ లెక్క తప్పకుండా అడుగుతారు. ఉదాహరణకు 500 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెట్ మి.లీ.కి 20 చుక్కలది. 500ని 20తో గుణిస్తే 10,000 చుక్కలు. 8 గంటలంటే 480 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి దాదాపు 21 చుక్కలు. కాగితం మీద రోజూ ఇలాంటివి నాలుగు చేస్తే చాలు, భయం పోతుంది.

ఇన్సులిన్ గురించీ అడగొచ్చు. మి.లీ.కి 40 యూనిట్ల వయల్‌కు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్ల దానికి నారింజ మూత సిరంజి వాడాలి. అవి తారుమారైతే డోసే మారిపోతుంది.

తెలియనిది అడిగితే ఊహించి చెప్పకండి. ‘తెలియదు మేడమ్, ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను అడిగాకే చేస్తాను’ అనండి. తెలియని మందును అడగకుండా ఇచ్చే నర్సు కంటే, ఆగి అడిగే నర్సే ఏ వార్డుకైనా కావాలి.

5. సంతకం పెట్టేముందు

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచకండి. చూపించండి, సరిచూసుకోనివ్వండి, వెంట తెచ్చుకోండి. ఒరిజినల్స్ పెడితేనే ఉద్యోగం అనే చోట, మానేస్తే ఇంత కట్టాలనే బాండ్ రాయించుకునే చోట చేరకపోవడమే మేలు. ఈ ప్రశ్నలు మర్యాదగా, తప్పకుండా అడగండి: వార్డులో ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు? కొత్తవారిని ఎన్నాళ్లు సీనియర్ పక్కన ఉంచుతారు? నెలకు ఎన్ని నైట్లు? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? హాస్టల్ ఖర్చు జీతంలో కోస్తారా?

జీతం అడగడానికి మొహమాటపడకండి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు రూ.20,000కు తగ్గకూడదని సిఫారసు చేసింది. చాలాచోట్ల అది అమలు కావడం లేదు. అయినా మీ పనికి కనీస విలువ ఎంతో తెలుసుకుని మాట్లాడటం మీకే బలం.

6. ప్రభుత్వ పరీక్షలు పక్కనే నడవాలి

ఉద్యోగం చేస్తూనే రోజుకు గంటో రెండు గంటలో చదవండి. నార్‌సెట్‌కు బీఎస్సీ వారికి అనుభవం అక్కర్లేదు. ప్రిలిమ్స్, మెయిన్స్ ఉంటాయి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు మన దగ్గరే ఉన్నాయి. తెలంగాణలో మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష పెడుతుంది. 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో రాతపరీక్షకు 80 మార్కులు. మిగతా 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవ చేసినవారికి. అందుకే జిల్లా ఆసుపత్రిలో కాంట్రాక్టు పోస్టు పడితే చిన్నచూపు చూడకండి.

విదేశాలకు వెళ్లాలనుకునేవారికీ ఇక్కడి రెండేళ్ల వార్డు అనుభవం అక్కరకొస్తుంది. విదేశాంగ శాఖ లైసెన్సున్న ఏజెంట్‌కే డబ్బు కట్టండి. సేవా రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీ దాటకూడదు. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులను పంపిస్తోంది.

7. చేరాక మొదటి మూడు నెలలు

జేబులో చిన్న పుస్తకం ఉంచుకుని కొత్త మందు కనబడిన ప్రతిసారీ పేరు, డోసు, దేనికిస్తారో రాసుకోండి. డాక్టర్ నోటితో చెప్పిన ఆర్డర్‌ను తిరిగి చదివి వినిపించి, వెంటనే కేస్‌షీట్‌లో రాయించుకోండి. చేయని పనికి టిక్ పెట్టకండి. సూది గుచ్చుకుంటే దాచకండి. సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌ఛార్జ్‌కు చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు.

ఎప్పుడు మానినా నోటీసు ఇచ్చి, చేరిన తేదీ, మానిన తేదీ, పనిచేసిన వార్డు, ఆసుపత్రి పడకల సంఖ్య ఉండేలా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకోండి. మీ తర్వాతి ఉద్యోగానికి మొదటి కాగితం అదే. ఈ వారమే కౌన్సిల్ దరఖాస్తు పూర్తిచేసి, మీకు బాగా తెలిసిన ఇద్దరు సీనియర్లకు ఫోన్ చేయండి. మిగతా మెట్లు ఆ తర్వాత ఒక్కొక్కటిగా ఎక్కుదురుగాని.