ఫోటోల్లో రంగులు తప్పుగా వస్తున్నాయా? ఫోన్ మార్చే ముందు ఈ 5 చెక్ చేయండి

మా అక్క ఇంట్లోంచే చీరలు అమ్ముతుంది. వాట్సాప్ గ్రూప్‌లో ఫోటోలు పెడుతుంది, ఆర్డర్ వస్తే కొరియర్ చేస్తుంది. పోయిన నెలలో ఒకే రంగు చీర రెండుసార్లు వెనక్కొచ్చింది. ఇద్దరూ చెప్పింది ఒకటే: "ఫోటోలో మెరూన్ అనుకున్నాం, వచ్చింది వంగపండు రంగు." రానూపోనూ కొరియర్ ఖర్చు అక్కదే. "కెమెరా పాడైనట్టుందిరా, 25 వేలల్లో మంచి ఫోన్ ఏదైనా చెప్పు" అని నాకు కాల్ చేసింది.

ఫోన్ల లిస్ట్ పంపడం నాకు రెండు నిమిషాల పని. కానీ ఆదివారం వాళ్లింటికి వెళ్లి చూశాను. కెమెరా బాగానే ఉంది. తప్పు వేరే చోట ఉంది. అదెలా పట్టుకున్నానో స్టెప్ బై స్టెప్ చెప్తాను. ఫోన్ అయినా, డీఎస్ఎల్ఆర్ అయినా పద్ధతి ఒకటే.

ఫోటో మొత్తం మీద పసుపు, నీలం, ఆకుపచ్చ లాంటి ఒక రంగు పల్చటి పొరలా పరుచుకుంటే దాన్ని కలర్ కాస్ట్ అంటారు. ఎడిటింగ్ యాప్ తెరిచే ముందు ఆ రంగు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలి.

1. ముందు స్క్రీన్‌ని అనుమానించండి

అక్క ఫోన్‌లో ఐ కంఫర్ట్ మోడ్ ఆన్‌లో ఉంది. అది స్క్రీన్ మీద నీలం కాంతిని తగ్గించి అన్నిటినీ పసుపుగా చూపిస్తుంది. ఫోటో ఫైల్‌లో మాత్రం ఏ మార్పూ ఉండదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో "వివిడ్" మోడ్ ఉన్నా రంగులు ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తాయి. రెండూ ఆఫ్ చేసి, అదే ఫోటోని ఇంకో ఫోన్‌లో కూడా చూడండి. మేం చూశాం. కొంచెం తేడా వచ్చింది కానీ చీర ఇంకా మెరూన్‌గానే ఉంది. అంటే సమస్య ఫోటోలోనే ఉందన్నమాట.

2. పాత సెట్టింగ్ ఏదైనా మిగిలిపోయిందా?

ప్రో మోడ్‌లో ఎప్పుడో పెట్టిన వైట్ బ్యాలెన్స్ అలాగే ఉండిపోవచ్చు. బల్బు వెలుగు కోసం పెట్టిన సెట్టింగ్‌తో ఎండలో తీస్తే ఫోటో నీలంగా వస్తుంది. ఫిల్టర్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి. అక్క ఫోన్‌లో ఇవేవీ లేవు, అంతా ఆటోలోనే ఉంది.

3. ఎన్ని రకాల లైట్లు ఉన్నాయి?

ప్రతి వెలుగుకీ ఒక రంగు ఉంటుంది. దాన్ని కెల్విన్‌లో కొలుస్తారు. కొవ్వొత్తి సుమారు 1900, పసుపు వెలుగు బల్బు 2700 నుంచి 3000, మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర, తెల్లటి ఎల్ఈడీ ట్యూబ్ 6500, నీడపట్టు 7000 పైన. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు వెళ్తుంది.

మన కన్ను ఈ తేడాకి సర్దుకుపోతుంది కాబట్టి ఇంట్లో మనకి తెలియదు. కెమెరా కూడా ఒక లైట్ ఉంటే సర్దగలదు. కిటికీ వెలుగు ఒకవైపు, పసుపు బల్బు ఇంకోవైపు ఉంటే దేనికని సర్దుతుంది? ఒకటి సరిచేస్తే రెండోది చెడిపోతుంది. కాబట్టి ఒక్క లైటే ఉంచి మిగతావి ఆర్పేయండి. అక్క తీసేది సాయంత్రం, హాల్లో పసుపు బల్బు కింద, కిటికీ పక్కన. ఇదీ మొదటి దొంగ.

ఇంకో మాట. చవక ఎల్ఈడీల వెలుగులో కొన్ని రంగులు సరిగ్గా ఉండవు. లేని రంగుని ఏ యాప్ కూడా తిరిగి తేలేదు. బల్బు కొనేటప్పుడు పెట్టె మీద సీఆర్ఐ 90 లేదా అంతకన్నా ఎక్కువ ఉందేమో చూడండి.

4. పక్కన ఏ రంగు ఉంది?

వాళ్ల హాల్లో ఒక గోడకి నారింజ రంగు వేశారు. చీర ఆరేసేది ఆ గోడ పక్కనే! వెలుగు గోడకి తగిలి, నారింజ రంగు పూసుకుని చీర మీద పడుతోంది. పెళ్లిళ్లలో ఎర్ర షామియానా కింద ముఖాలు ఎర్రగా రావడానికీ కారణం ఇదే. చోటు మార్చండి, లేదా పక్కన తెల్ల దుప్పటి కట్టండి.

5. ఫ్రేమ్ అంతా ఒకే రంగుతో నిండిందా?

ఫ్రేమ్ అంతా వంగపండు రంగు చీరే ఉంటే, ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ రంగుని వెలుగు వల్ల వచ్చినదిగా పొరబడి తగ్గించేస్తుంది. ఫ్రేమ్‌లో కొంత తెలుపు లేదా బూడిద రంగు ఉండేలా తీస్తే పొరబాటు తగ్గుతుంది.

అసలు టెస్ట్

ఒక తెల్ల కాగితాన్ని చీర పక్కన పెట్టి మూడు ఫోటోలు తీశాం: పాత చోట, బల్బు ఆర్పేసి అదే చోట, గోడకి దూరంగా కిటికీ దగ్గర. మొదటి దాంట్లో కాగితం లేత నారింజ రంగులో వచ్చింది. రెండో దాంట్లో కొంచెం తగ్గింది. మూడో దాంట్లో కాగితం తెల్లగా, చీర అచ్చం వంగపండు రంగులో! అదే ఫోన్, అదే చీర. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆల్రెడీ తీసిన ఫోటోల సంగతి?

స్నాప్‌సీడ్‌లో వైట్ బ్యాలెన్స్ తెరిచి, డ్రాపర్‌తో ఫోటోలోని బూడిద రంగు భాగం మీద నొక్కండి. తర్వాత టెంపరేచర్‌తో పసుపు-నీలం, టింట్‌తో ఆకుపచ్చ-మెజెంటా సర్దుకోండి. ప్రింటర్ కాగితంలో మెరుపు కోసం కలిపే రసాయనం వల్ల అది కాస్త నీలంగా ఉంటుంది. కచ్చితమైన రంగు కావాలంటే గ్రే కార్డ్ వాడడం మేలు. రా ఫార్మాట్‌లో తీస్తే వైట్ బ్యాలెన్స్ తర్వాతైనా హాయిగా మార్చుకోవచ్చు. జేపెగ్‌లో కొంతవరకే కుదురుతుంది.

ప్రో మోడ్‌లో చాలామంది తికమకపడేది ఒకటుంది. అక్కడ కెల్విన్ పెంచితే ఫోటో పసుపు వైపు వెళ్తుంది. వెలుగు నీలంగా ఉందని మీరు కెమెరాకి చెప్తున్నారు కాబట్టి అది పసుపు కలుపుతుంది.

అక్క ఇప్పుడు పొద్దున పది గంటలకి, లైట్లన్నీ ఆర్పేసి, కిటికీ దగ్గర తీస్తోంది. కొనేవాళ్ల స్క్రీన్లు మన చేతిలో లేవు కాబట్టి ఫోటో కింద "వంగపండు రంగు" అని పేరు కూడా రాస్తోంది. ఆ 25 వేలు కొత్త స్టాక్‌కి వెళ్లాయి. మీరూ కొత్త ఫోన్ కొనే ముందు ఒకసారి ఈ కాగితం టెస్ట్ చేసి చూడండి.