డ్రమ్ము ఓడెక్కకముందే చూడాల్సిన పని

ఫార్మా కంపెనీలో పర్చేజ్‌లోనో, రెగ్యులేటరీలోనో కొత్తగా చేరారా? చైనా నుంచి రావాల్సిన అమోక్సిసిలిన్ డ్రమ్ములు పోర్టులో ఆగిపోతే ఆఫీసంతా కస్టమ్స్‌ను తిట్టడం త్వరలోనే వింటారు. నిజానికి ఆ చిక్కు చాలాసార్లు ఆర్డరు పెట్టిన నాడే, మన టేబుల్ మీదే మొదలై ఉంటుంది.

పని ఆర్డరుతో కాదు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో మొదలుపెట్టాలి. విదేశీ తయారీదారు తరఫున ఇక్కడి అధీకృత ఏజెంటు ఫారం 40లో దరఖాస్తు పెడితే, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఫారం 41లో సర్టిఫికెట్ ఇస్తుంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ దీనికి తొమ్మిది నెలల వ్యవధి పెట్టాయి. ఆ తర్వాత దిగుమతి లైసెన్సు. దరఖాస్తు ఫారం 8, దానికి జోడించే తయారీదారు హామీ పత్రం ఫారం 9, చేతికొచ్చే లైసెన్సు ఫారం 10. దిగుమతిదారుకు హోల్‌సేల్ లైసెన్సో, తయారీ లైసెన్సో ముందే ఉండాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, దిగుమతి లైసెన్సు రెండింటి గడువూ మూడేళ్లే. సర్టిఫికెట్‌ రెన్యువల్‌కు గడువుకు తొమ్మిది నెలల ముందు, లైసెన్సుకైతే మూడు నెలల ముందు కదలాలి. ఈ తేదీలు మీ ఫోన్ క్యాలెండర్‌లోనే కాదు, మీ మేనేజరు క్యాలెండర్‌లోనూ ఉండాలి. మీరు సెలవు పెట్టినా గడువు ఆగదు.

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది అడ్రసు మీద. సర్టిఫికెట్ కంపెనీ పేరుకే కాదు, సరుకు తయారయ్యే ప్లాంటు అడ్రసుకూ కట్టుబడి ఉంటుంది. ఒకే సప్లయర్‌కు రెండు ప్లాంట్లుంటే, రిజిస్టరు కాని ప్లాంటు సరుకు మనకు పనికిరాదు. సప్లయర్ సేల్స్ మనిషి ‘రెండూ మావేనండీ’ అని ఎంత తియ్యగా చెప్పినా సరే. అందుకే డిస్పాచ్‌కు ముందు డ్రమ్ము లేబుల్ ఫొటో తెప్పించుకోండి. పక్కన ఫారం 41 పెట్టుకుని ప్లాంటు నంబరు, రోడ్డు, జిల్లా, పిన్‌కోడ్ ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవండి. తర్వాత అదే అడ్రసును అనాలిసిస్ సర్టిఫికెట్‌లోనూ, ఇన్‌వాయిస్‌లోనూ చూడండి. బ్యాచ్ నంబరులో ఒక సున్నా తేడా ఉన్నా అక్కడే దిద్దించుకోవాలి. డ్రమ్ము ఓడెక్కాక ఆ సున్నా ఖరీదు పెరుగుతుంది.

లేబుల్ మీద దిగుమతి లైసెన్సు నంబరుతో పాటు, 2023 జనవరి 1 నుంచి ముడి ఔషధాల ప్రతి ప్యాకింగ్ మీదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఆ ఫొటోలోని కోడ్‌ను స్కాన్ చేసి, తెరుచుకుంటుందో లేదో చూస్తే చాలు, పెద్ద విద్య కాదు. ఇక షెల్ఫ్ లైఫ్: దిగుమతి నాటికి కనీసం 60 శాతం మిగిలి ఉండాలి. చవగ్గా ఇస్తామని పాత బ్యాచ్ అంటగట్టే సప్లయర్లు ఉంటారు, జాగ్రత్త.

మందులను ఏ రేవులో పడితే ఆ రేవులో దించనివ్వరు. నిబంధనల్లో పేర్కొన్న చోట్లే దించాలి. చెన్నై, నవసేవ ఓడరేవులు, విమానంలో అయితే హైదరాబాదు ఆ జాబితాలో ఉన్నాయి. ఓడలో వచ్చే సరుకుకైతే, కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, సరుకు చేరే రోజుకు ముందురోజే దాఖలు కావాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు రూ.5,000, ఆపైన రోజుకు రూ.10,000 చొప్పున కట్టాలి. సరుకు రేవులో నిలిచిపోతే పడే డెమరేజ్ దీనికి అదనం. కస్టమ్స్ బ్రోకర్‌కు కాగితాలన్నీ ముందే పంపండి, ‘ఓడ వచ్చాక చూద్దాం’ అనకండి. పోర్టులోని ఔషధ నియంత్రణ అధికారి శాంపిల్ తీసుకుంటే, ఫలితం వచ్చేదాకా సరుకు అమ్మబోమని హామీ రాసిచ్చి గోదాముకు తెచ్చుకునే వెసులుబాటు ఉంది. అలా తెచ్చిన డ్రమ్ములకు విడిగా తాళం వేయించండి. ప్రొడక్షన్ వాళ్లు ఎంత తొందరపెట్టినా తాళం చెవి ఇవ్వకండి.

ఇక సుంకం సంగతి. కస్టమ్స్ టారిఫ్‌లో యాంటీబయాటిక్స్ శీర్షిక 2941. పెన్సిలిన్లు 2941 10, టెట్రాసైక్లిన్లు 2941 30, ఎరిత్రోమైసిన్ 2941 50. కోడ్ సరిగ్గా తెలిస్తేనే యాంటీ డంపింగ్ సుంకం ఉందో లేదో, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఏమైనా కనీస దిగుమతి ధర పెట్టిందో తెలుస్తుంది. ముఖ్యంగా పెన్సిలిన్ కుటుంబం మీద కన్నేసి ఉంచండి. కాకినాడ జిల్లాలో అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ పెన్సిలిన్-జి ప్లాంటు 2024లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ప్రభుత్వం ప్రోత్సాహకం ఇచ్చి పెట్టించుకున్న ప్లాంటు ఉన్నప్పుడు, చవక దిగుమతుల మీద సర్కారు చూపు మారుతుంది. కిందటి నెల కాస్టింగ్ షీటును నమ్ముకోకుండా, పర్చేజ్ ఆర్డరు మీద సంతకం పడే రోజు పొద్దున్నే నోటిఫికేషన్లు ఒకసారి తిరగేసి, ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.