పాత స్పోర్ట్స్ కారు: కంటికి కనిపించని రెండు లోపాలు

యౌవనం వేగాన్ని కోరుతుంది. అది సహజం. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు చెమటోడ్చి పంపిన సొమ్ముతో పాత కార్లు కొనే యువకులు ఎందరో ఉన్నారు. కొత్త స్పోర్ట్స్ కారు అందని పండు కాగా, చేతులు మారిన పాత కారు కొంత అందుబాటులో ఉంటుంది. కొనేవాడు రంగు చూస్తాడు, ఇంజను శబ్దం వింటాడు. కాని అతని ప్రాణం తీగల మీద, రబ్బరు మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండింటిని పరీక్షించే విధానాన్ని విద్యార్థులకు తెలుపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొంతకాలం క్రితం ఒక మిత్రుని కారులో రాత్రివేళ కోరుట్ల నుండి మల్లాపూర్ వస్తున్నాను. అది ఇద్దరే కూర్చోగల పాత స్పోర్ట్స్ కారు. యాసంగి కోతల కాలం. రోడ్డుమీద వడ్ల కుప్పపై నల్లని టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. దీపాలు మసకగా వెలుగుతున్నందున దగ్గరికి వచ్చేవరకు అది కనిపించలేదు. బ్రేకు వేయగానే చెదిరిన గింజలపై టైర్లు జారాయి. కుప్పకు జానెడు దూరంలో కారు ఆగింది. మరునాడు మెకానిక్ పరీక్షించగా, బల్బులు మంచివే అని తేలింది. ఎర్త్ తీగ చివర తుప్పు పట్టింది. టైర్ల గాడులు లోతుగానే ఉన్నాయి, కాని వాటి వయస్సు తొమ్మిదేళ్లు.

మొదట విద్యుత్తు సంగతి చూద్దాం. బ్యాటరీ నుండి దీపానికి వెళ్లిన విద్యుత్తు సాధారణంగా కారు ఇనుప శరీరం ద్వారానే తిరిగి బ్యాటరీని చేరుతుంది. ఈ తిరుగుదారినే ఎర్త్ అంటారు. 12 వోల్టుల, 55 వాట్ల హెడ్‌లైటు నిరోధం వెలుగుతున్నప్పుడు సుమారు 2.6 ఓములు. తుప్పు వల్ల మరో 0.3 ఓము చేరితే దీపానికి అందేది 10.8 వోల్టులే. వోల్టేజి తగ్గింది పదోవంతు మాత్రమే అయినా, వెలుగు సుమారు పదింట మూడు వంతులు తగ్గిపోతుంది. కనుక బల్బు మార్చే ముందు దీపాలు వెలిగించి, బ్యాటరీ నెగటివ్ కొనకు, కారు శరీరానికి మధ్య వోల్టుమీటరు పెట్టి చూడాలి. 0.2 వోల్టు దాటితే ఆ తీగను విప్పి, తుప్పు గీకి, బిగించాలి.

1953లో వెలువడిన అమెరికా కార్వెట్, మన దేశంలో గోవాలో తయారైన శాన్ స్టార్మ్ వంటి కార్ల శరీరం ఫైబర్‌గ్లాసుది. ఫైబర్‌గ్లాసు గుండా విద్యుత్తు ప్రవహించదు. కావున అటువంటి కార్లలో ప్రతి దీపానికి ఎర్త్ తీగ వేరుగా ఉండాలి. ఒక దీపం వేస్తే మరొకటి మినుకుమంటున్నదంటే, ముందుగా ఆ తీగనే అనుమానించాలి.

స్పోర్ట్స్ కారు వారాల తరబడి కదలకుండా ఉండడం కూడా సాధారణమే. ఇంజను ఆపినా గడియారం, దొంగల అలారం కొంత విద్యుత్తును తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీఆంపియర్లే అనుకున్నా, రోజుకు 1.2, నెలకు 36 ఆంపియర్-గంటలవుతుంది. 45 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇక మిగిలేదెంత? చాలాకాలం నిలిపి ఉంచే కారుకు బ్యాటరీ నెగటివ్ తీగను విప్పి ఉంచడం మంచిది.

ఇక టైర్లు. తక్కువ తిరిగిన కారు టైరులో గాడులు అరగవు, కాని ఎండకు, గాలికి రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు దాని జాతకం. 3519 అంటే 2019వ సంవత్సరం 35వ వారంలో పుట్టిందని అర్థం. 195/55 ఆర్ 15 84 వి అని ఉంటే, వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో నూటికి 55 వంతులు, అమరిక రేడియల్, చక్రం 15 అంగుళాలు. 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోయగలదని, వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకోగలదని తెలుసుకోవాలి. తయారీదారు చెప్పిన బరువు, వేగపు గుర్తులకు తక్కువైనవి వేయరాదు.

పక్కగోడ మరీ పొట్టిదైతే మన రోడ్ల గుంతలకు చక్రమే వంగుతుంది. మరీ వెడల్పైన టైరు వాన నీటిపై తేలిపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి అందం కోసం కొలతలు మార్చకుండా, కారు వెంట వచ్చిన కొలతనే ఎంచుకోవడం వివేకం. ఒకే ఇరుసుకు రెండు వైపులా ఒకే రకం టైర్లుండాలి. రెండే కొనే స్తోమత ఉంటే, నాలుగు చక్రాలకూ ఒకే కొలత ఉన్న కారులో కొత్తవాటిని వెనుకకు వేయాలి. వెనుక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది.

విద్యార్థి మిత్రులారా! కారు కొనబోయేటప్పుడు రంగు చూడడానికి ముందు వోల్టుమీటరు అడగండి, వంగి ఆ నాలుగంకెలు చదవండి. ఆ కారు వెనుక ఎడారి ఎండలో కష్టించిన ఒక అన్న ఉన్నాడు. ఆ రోడ్డు మీద తన ఆరుగాలం శ్రమను ఆరబోసి, పక్కనే కావలి పడుకున్న ఒక రైతు ఉన్నాడు. వారిద్దరి క్షేమం గుర్తుంచుకొని నడిపినవాడే నిజమైన చోదకుడు.